వర్గ సమీకరణాల్లో 11 మంది ఎరుపు: ఈ రిపోర్టుతో సోమవారం క్లాసులో ఏం చేయాలి?

పల్నాడు_లెక్కల_టీచర్ | ఆగస్టు 9, శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను జడ్పీ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. ఈ ఏడాది మా పదో తరగతి పిల్లల టాబుల్లో ఒక ప్రాక్టీస్ యాప్ పెట్టారు. వారానికి రెండు పీరియడ్లు పిల్లలు అందులో లెక్కలు చేస్తారు. శనివారం సాయంత్రానికి నాకు రిపోర్టు వస్తుంది. ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఒక్కో పాఠానికి ఒక్కో రంగు ఉంటుంది: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎంతసేపు చేశారు, ఎన్ని తప్పులు పోయాయి, ఎన్నిసార్లు హింట్ చూశారు, అన్నీ ఉంటాయి.

ఈ వారం వర్గ సమీకరణాల దగ్గర 38 మందిలో 11 మందికి ఎరుపు వచ్చింది. పాఠం మొత్తం మళ్లీ చెప్పే టైమ్ లేదు. చెప్పినా మిగతా 27 మందీ ఖాళీగా కూర్చోవాలి. ట్రైనింగ్‌లో లాగిన్ అవడం, రిపోర్టు డౌన్‌లోడ్ చేయడం నేర్పించారు. డౌన్‌లోడ్ చేశాక ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు కావాల్సింది ఒక్కటే. సోమవారం ఫస్ట్ పీరియడ్‌లో ఈ 11 మందినీ పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పాలి?

సిద్దిపేట_ఎస్ఏ | ఆగస్టు 9, రాత్రి 10:15

మేడమ్, ముందు వాళ్ల రఫ్ నోట్స్ చూశారా? టాబ్‌లో చేసినా పిల్లలు పక్కన ఏదో ఒక కాగితం మీద గీసుకుంటారు కదా. రంగు చూస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది. వెళ్లాక ఏం చెప్పాలో ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది. సోమవారం ఏమీ చెప్పకండి. 11 మందికీ ఒకే లెక్క ఇచ్చి, ప్రతి మెట్టూ రాయమని చెప్పి, ఆ కాగితాలు తీసుకోండి. పది నిమిషాల పని.

పల్నాడు_లెక్కల_టీచర్ | ఆగస్టు 11, సాయంత్రం 6:05

సార్, మీరు చెప్పినట్టే చేశాను. ఇచ్చిన సమీకరణంలో ఏ విలువ 2, బీ విలువ −5, సీ విలువ −3. సూత్రం వాడి మూలాలు కనుక్కోమన్నాను.

ఒక పిల్లవాడి కాగితం ఉన్నదున్నట్టు చెబుతాను. సూత్రం తప్పు లేకుండా రాశాడు. ఏ, బీ, సీ విలువలు గుర్తులతో సహా సరిగ్గా తీసుకున్నాడు. విచక్షణి (బీ స్క్వేర్ మైనస్ నాలుగు ఏసీ) దగ్గర బీ స్క్వేర్ బదులు −5² అని రాశాడు, బ్రాకెట్ లేదు. కింద +25 బదులు −25 అని వేశాడు. మైనస్ నాలుగు ఏసీని మాత్రం +24 అని సరిగ్గానే చేశాడు. −25, +24 కలిపితే −1. దాని కింద స్కేలుతో గీత గీసి, "విచక్షణి సున్నా కంటే తక్కువ, కాబట్టి వాస్తవ మూలాలు లేవు" అని చక్కటి దస్తూరీతో రాశాడు.

నేను కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాను. వీడికి వర్గ సమీకరణాలు వచ్చు. విచక్షణి రుణాత్మకమైతే ఏమవుతుందో క్లాసులో సగం మంది చెప్పలేరు, వీడు చెప్పాడు. వీడికి రానిది ఏడో తరగతిలో నేర్చుకోవాల్సిన గుర్తుల లెక్క. 25, 24 కలిపి 49 వేసి ఉంటే మూలాలు 3, −1/2 అని తనే రాసేవాడు. రిపోర్టు మాత్రం వీడి పేరు ఎదురుగా "వర్గ సమీకరణాలు: బలహీనం" అంటోంది. నేను దాన్ని నమ్మి పాఠం మళ్లీ చెబితే, వాడికి వచ్చిందే ఇంకోసారి చెప్పినట్టు అయ్యేది.

రిటైర్డ్_గణితం_వరంగల్ | ఆగస్టు 11, రాత్రి 8:30

అమ్మా, ముప్పై ఏళ్లు పదో తరగతి పేపర్లు దిద్దాను. మీరు చూసిన కాగితం లాంటివి ప్రతి ఏడాదీ నా చేతికి వచ్చేవి. పదో తరగతిలో పోయే మార్కులకు వేరు ఆరు, ఏడు తరగతుల్లో ఉంటుంది. అసర్ సర్వే 2023లో గ్రామాల్లోని 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరీక్షించింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క సరిగ్గా చేసినవాళ్లు 43.3 శాతం. అంటే సగానికి పైగా పిల్లలు భాగహారం దగ్గరే ఆగిపోయి ఉన్నారు. అదే వయసులో మనం వాళ్లకు త్రికోణమితి చెబుతున్నాం.

అందుకే అడుగుతున్నాను. మీ యాప్ పదో తరగతి పాఠాల పేర్లతోనే రిపోర్టు ఇస్తోందా, కింది తరగతుల దాకా వెళ్తోందా? వెళ్లకపోతే అందులో ఎంత డేటా ఉన్నా మనకు కావాల్సింది దొరకదు.

కోడర్_మాదాపూర్ | ఆగస్టు 11, రాత్రి 11:20

నేను ఇలాంటి యాప్‌లు తయారుచేసే చోటే పనిచేస్తాను. టీచర్‌గారు చూసిన దానికి కారణం లోపలి లెక్కలోనే ఉంది, వివరంగా చెబుతాను.

చాలా యాప్‌ల వెనక "నాలెడ్జ్ ట్రేసింగ్" అనే పద్ధతి ఉంటుంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కార్బెట్, ఆండర్సన్ 1990ల మధ్యలో దీన్ని రూపొందించారు. ఇందులో నాలుగు సంభావ్యతలు ఉంటాయి. ఆ విషయం పిల్లలకు ముందే తెలిసి ఉండే అవకాశం, ఒక్కో లెక్క చేశాక నేర్చుకునే అవకాశం, రాకపోయినా గుడ్డిగా నొక్కితే రైట్ అయ్యే అవకాశం, వచ్చినా పొరపాటున తప్పు పోయే అవకాశం. ప్రతి జవాబు తర్వాత యాప్ తన అంచనా మార్చుకుంటుంది. 10వ తరగతి సంభావ్యత పాఠానికి కాస్త ముందుకు వెళ్తే వచ్చే బేయీస్ సిద్ధాంతమే ఇది.

ఒక ఉదాహరణ. వచ్చే అవకాశం, రాకపోయే అవకాశం సగం సగం, అంటే 0.5 అనుకుందాం. నాలుగు ఆప్షన్లు కాబట్టి గుడ్డిగా కొట్టి రైట్ అయ్యే అవకాశం 0.25. పొరపాటు అవకాశం 0.1. ఒక్క జవాబు రైట్ అయితే అంచనా 0.78కి లేస్తుంది. అదే ఒక్క జవాబు తప్పు అయితే 0.12కి పడిపోతుంది. ఎంత వేగంగా పడిందో చూడండి. వరుసగా మూడు లెక్కల్లో ఆ బ్రాకెట్ మర్చిపోతే చాలు, ఎరుపు వచ్చేస్తుంది.

అసలు చిక్కు ట్యాగుల దగ్గర ఉంది. ప్రతి ప్రశ్నకూ మేం ఒక నైపుణ్యం పేరు తగిలిస్తాం. ఆ ప్రశ్నకు "వర్గ సమీకరణాలు" అని ఒక్క ట్యాగే ఉంటే, గుర్తు తప్పినా, హెచ్చవేత తప్పినా, ప్రశ్న అర్థం కాకపోయినా నింద వర్గ సమీకరణాల మీదే పడుతుంది. "రుణసంఖ్య వర్గం" అని ఇంకో ట్యాగ్ కూడా ఉంటే రిపోర్టే మీకు ఆ మాట చెప్పేది. అన్ని ప్రశ్నలకూ అంత సన్నగా ట్యాగులు వేయడానికి క్లాసులో లెక్కలు చెప్పిన మనిషి కావాలి. ఆ పని మీద పెట్టాల్సినంత ఖర్చు పెట్టడం లేదని నా బాధ.

అలాగని ఈ పద్ధతి పనికిరాదనుకోకండి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే ఇలాంటి యాప్ మీద జరిగిన అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేశారు. అందులో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. రిటైర్డ్ సార్ చెప్పింది ఇదే. యాప్ ఆ పిల్లలను వాళ్లు ఉన్న మెట్టు దగ్గరి నుంచే ఎక్కించింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37 ప్రామాణిక విచలనం మెరుగుదల కనిపించింది, ఇది చిన్న విషయం కాదు. అయితే అక్కడ పిల్లలు ఒక్కో సెషన్‌లో సగం సేపు యాప్ మీద పనిచేస్తే, మిగతా సగం చిన్న గుంపులుగా ఒక మనిషి దగ్గర కూర్చునేవాళ్లు. దాన్ని విడదీసి చూడకూడదు.

ఇంటర్_ఎంపీసీ_ఫస్టియర్ | ఆగస్టు 12, సాయంత్రం 4:50

నేను పోయినేడాది పది పాసయ్యాను. మాకూ ఇలాంటి యాప్ ఉండేది. టీచర్‌గారూ, ఒక్క మాట చెప్పాలి, ఎవరినీ తప్పు పట్టడం కాదు. పీరియడ్ అయ్యేలోపు 20 ప్రశ్నలు పూర్తి చేయమనేవాళ్లు. మాలో కొంతమంది హింట్ బటన్ వరుసగా నొక్కుకుంటూ పోయేవాళ్లు. చివరి హింట్‌లో జవాబే ఉంటుంది. అది చూసి నొక్కేవాళ్లు. ఇంకొంతమంది ఏ, బీ, సీ, డీ ఒక్కొక్కటీ నొక్కి చూసేవాళ్లు. వాళ్ల పేర్లు ఆకుపచ్చలో ఉండేవి. నిజంగా కూర్చుని చేసిన నా ఫ్రెండ్ 9 ప్రశ్నలే చేయగలిగాడు, పసుపు వచ్చింది. వాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మా మేడమ్‌కి ఈ సంగతి తెలిస్తే ప్రశ్నల లెక్క పెట్టేవారు కాదని నా నమ్మకం.

కోడర్_మాదాపూర్ | ఆగస్టు 12, రాత్రి 10:05

తమ్ముడూ, ఇది రాసినందుకు చాలా థ్యాంక్స్. పరిశోధకులు దీన్ని 20 ఏళ్ల కిందటే గుర్తించారు. ర్యాన్ బేకర్ 2004లో మిడిల్ స్కూల్ లెక్కల సాఫ్ట్‌వేర్ మీద చేసిన పనిలో ఇలా నొక్కుకుంటూ పోయే పిల్లలు మిగతావాళ్ల కంటే తక్కువ నేర్చుకున్నట్టు కనిపించింది.

టీచర్‌గారూ, మీ రిపోర్టులో ఒక్కో ప్రశ్నకు పట్టిన సమయం ఉంటే ముందు అది చూడండి. సూత్రం వాడాల్సిన లెక్కకు 5 సెకన్లలో జవాబు వచ్చిందంటే చదవలేదని అర్థం. అలాంటి ఆకుపచ్చల దగ్గరికి కూడా ఒకసారి వెళ్లాలి.

పదోతరగతి_అమ్మ | ఆగస్టు 12, రాత్రి 10:40

నేను టీచర్‌ని కాదు, గుంటూరులో కుట్టుపని చేస్తాను. ఈ చర్చ మా అన్నయ్యగారి అమ్మాయి చూపించింది. మీరంతా పెద్దవాళ్లు, నా మాట కూడా ఒకటి వినండి.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక టీచర్ ఎర్ర లిస్టు అని పేర్లు చదివారు. మా బాబు పేరు మూడోది. అందరి తల్లిదండ్రులూ అక్కడే ఉన్నారు. వాడు తలొంచుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అన్నం కూడా తినలేదు. నాకు లెక్కలు రావమ్మా, కంప్యూటరే చెప్పింది అన్నాడు. మాస్టారు తిడితే మళ్లీ కష్టపడి చూపించొచ్చు అనుకునేవాడు. కంప్యూటర్ చెప్పిందంటే ఇక అంతే అనుకున్నాడు. ఆ రిపోర్టు ఉన్న వారంలో వాడికి జ్వరం, నాలుగు రోజులు బడికే పోలేదు.

పిల్లల తప్పులు చూడండి, దిద్దండి, మాకు కూడా చెప్పండి. నలుగురిలో మాత్రం చదవకండి.

సిద్దిపేట_ఎస్ఏ | ఆగస్టు 13, ఉదయం 6:30

అమ్మా, మీరు రాసింది రాత్రే చదివాను. మా స్టాఫ్ రూమ్‌లో కూడా ఒక ఎర్ర లిస్టు గోడకు అంటించి ఉంది. పిల్లలు చాక్‌పీసులకి వచ్చినప్పుడు చూస్తూనే ఉంటారు. ఇవాళ నేను వెళ్లగానే దాన్ని తీసేస్తున్నాను.

కోడర్_మాదాపూర్ | ఆగస్టు 13, ఉదయం 9:15

అమ్మగారికి ఇంకో సంగతి చెప్పాలి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. పిల్లల డేటా విషయంలో తల్లిదండ్రుల అంగీకారం గురించి అందులో ప్రత్యేకంగా ఉంది. మీ బాబు వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయి, దేనికి వాడుతున్నారు అని బడిలో మర్యాదగా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి.

లఫాయెట్_తెలుగు | ఆగస్టు 13, రాత్రి 7:50

నేను అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఉంటాను, పర్డ్యూ యూనివర్సిటీ ఉన్న ఊళ్లోనే. ఈ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పద్ధతికి ఇక్కడ ఒక చరిత్ర ఉంది. ట్రాఫిక్ లైట్ల మాదిరిగా విద్యార్థులకు హెచ్చరిక ఇచ్చే "కోర్స్ సిగ్నల్స్" ఇక్కడే పుట్టింది. రెండు, అంతకంటే ఎక్కువ కోర్సుల్లో ఈ సిగ్నల్స్ చూసిన విద్యార్థులు చదువు మానకుండా కొనసాగడం బాగా పెరిగిందని గట్టిగా చెప్పారు. చాలాచోట్ల దీన్ని ఆదర్శంగా తీసుకున్నారు.

2013లో మైక్ కాల్ఫీల్డ్ అనే ఆయన ఆ లెక్కను తిప్పి చూశారు. మొదటి ఏడాదిలోనే చదువు మానేసిన విద్యార్థికి రెండో సిగ్నల్ కోర్సు తీసుకునే అవకాశమే ఉండదు కదా? ఉండిపోయిన వాళ్లే ఎక్కువ కోర్సులు తీసుకుంటారు. సిగ్నల్స్ వల్ల ఉండిపోయారా, ఉండిపోయారు కాబట్టి ఎక్కువ సిగ్నల్స్ చూశారా? ఆ ప్రశ్నతో అంత గట్టి ప్రచారమూ బలహీనపడింది.

బడి స్థాయిలో నాకు నచ్చింది మెయిన్ రాష్ట్రంలో ఏడో తరగతి లెక్కల హోంవర్క్ మీద, అసిస్ట్‌మెంట్స్ అనే ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌తో జరిగిన ప్రయోగం. 43 బడుల్లో చేశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. పిల్లలు హోంవర్క్ చేస్తుంటే తప్పో ఒప్పో అప్పుడే తెలుస్తుంది. మర్నాడు క్లాసుకు ముందే ఏ లెక్క ఎక్కువమందికి తప్పిందో టీచర్‌కి తెలుస్తుంది. అందరి హోంవర్కూ ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోకుండా, ఎక్కువమంది తప్పిన లెక్కల మీదే ఆ పీరియడ్ పెడతారు. ఇంత సాదా ఏర్పాటుతోనే పిల్లల స్కోర్లు పెరిగాయి, కింది స్థాయి పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది.

విశాఖ_సీఆర్పీ | ఆగస్టు 14, రాత్రి 9:00

మన దగ్గర కూడా పెద్ద ఎత్తున జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి, బడి మానేసే అవకాశం ఉన్న పిల్లలను ముందుగా గుర్తించే పద్ధతి పెట్టింది. మార్కులు, బడిలో వసతులు, కుటుంబ పరిస్థితి లాంటివి చూసి, 2018-19కి ఒక్క విశాఖ జిల్లాలోనే దాదాపు 19,500 మంది పేర్లు తీసింది.

లిస్టులో పేరు వచ్చిందంటే ఆ ఇంటికి ఎవరో ఒకరు వెళ్లాలి. ఏజెన్సీలో ఒక్కో ఇంటికి వెళ్లడానికి పూట పడుతుంది. నేను వెళ్లిన ఇళ్లలో ఒకచోట అక్క పెళ్లి కుదిరి చెల్లెలు ఇంటిపనికి ఆగింది. ఇంకోచోట సైకిల్ పాడై అయిదు కిలోమీటర్లు నడవలేక ఆగాడు. సైకిల్ బాగు చేయించడానికి 400 రూపాయలు అయింది. వాడు మళ్లీ బడికి వచ్చాడు. ఆ పేరు మాకు లిస్టులో వచ్చింది కాబట్టే వెళ్లాం, అందుకే లిస్టుకు విలువ ఇస్తాను. వెళ్లే మనుషుల్ని పెంచకుండా లిస్టులు పెంచితే మాత్రం ఏం లాభం?

సిద్దిపేట_ఎస్ఏ | ఆగస్టు 15, మధ్యాహ్నం 2:20

జెండా పండగ అయ్యాక కూర్చుని రాస్తున్నాను. యాప్ లేని బడుల వాళ్లు కూడా ఈ చర్చ చదువుతున్నారు కాబట్టి నేను ఎనిమిదేళ్లుగా వాడుతున్న పద్ధతి చెబుతాను. దీన్ని ఎస్‌పీ చార్ట్ అంటారు, అంటే స్టూడెంట్-ప్రాబ్లమ్ చార్ట్. జపాన్‌లో తకహిరో సాతో 1970లలో తయారుచేశారు. గళ్ల కాగితం చాలు. సెల్‌ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ ఉంటే ఇంకా తేలిక.

10 ప్రశ్నల స్లిప్ టెస్ట్ పెట్టండి. అడ్డవరుసల్లో పిల్లలు, నిలువు వరుసల్లో ప్రశ్నలు. రైట్ అయితే 1, తప్పయితే 0. తర్వాత ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు పైకి వచ్చేలా అడ్డవరుసలు సర్దండి. ఎక్కువమంది చేసిన ప్రశ్న ఎడమకు వచ్చేలా నిలువు వరుసలు సర్దండి. ఇప్పుడు 1లన్నీ పై ఎడమ మూలకు, 0లన్నీ కింది కుడి మూలకు చేరతాయి. అక్కడ చేరకుండా విడిగా మిగిలిన వాటిని చూడాలి. పైనున్న పిల్ల ఎడమవైపు తేలిక ప్రశ్న తప్పిందంటే ఎందుకో అడగాలి. కిందున్న పిల్లవాడు కుడివైపు కష్టమైన ప్రశ్న చేశాడంటే పక్కవాడిది చూశాడా, వాడికి మనం గమనించని తెలివి ఉందా అని అడగాలి. పైవాళ్లు, కిందివాళ్లు అన్న తేడా లేకుండా ఒక ప్రశ్న అందరికీ ఇష్టమొచ్చినట్టు తప్పిందంటే లోపం ప్రశ్నలోనే ఉందేమో చూడాలి.

రెండేళ్ల కింద మా క్లాసులో ఒకమ్మాయి అన్నిట్లో ముందుండేది. శ్రేఢుల్లో అన్నిటికంటే తేలిక ప్రశ్న వదిలేసింది. పిలిచి అడిగితే బోర్డు మీద నేను రాసిన సంఖ్య కనపడలేదని చెప్పింది. కళ్లద్దాలు వచ్చాయి. మొత్తం మార్కులు 9 కాబట్టి, చార్ట్ వేయకపోతే నేను ఆ పిల్ల వైపు చూసేవాణ్ణే కాదు.

ఇంకొకటి. 0 వేసే చోట ఒక అక్షరం రాస్తాను. గుర్తు తప్పితే "గు", సూత్రం తప్పితే "సూ", భాష అర్థం కాకపోతే "భా", అసలు మొదలుపెట్టకపోతే "ఖా". 40 పేపర్లకు అదనంగా పట్టేది పావుగంట. ఎలాగూ పేపర్లు దిద్దుతాం కదా.

పల్నాడు_లెక్కల_టీచర్ | ఆగస్టు 25, రాత్రి 8:45

రెండు వారాలైంది, అందరికీ జవాబు చెప్పాలి. సిద్దిపేట సార్ అక్షరాలే వాడాను. 11 మంది ఎరుపుల్లో ఆరుగురికి "గు". వాళ్లను మధ్యాహ్న భోజనం తర్వాత నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు కూర్చోబెట్టాను. వర్గ సమీకరణాల మాటే ఎత్తలేదు. రుణసంఖ్య కనపడితే చేత్తో బ్రాకెట్ వేయడం, −5² కీ (−5)² కీ తేడా, అంతే. ఆ రెండూ పక్కపక్కన రాయించి, ఒక్కోదాని అర్థం వాళ్ల నోటితోనే చెప్పించాను. ఆరుగురిలో అయిదుగురు ఇప్పుడు మూలాలు సరిగ్గా తీస్తున్నారు. ఆరో పిల్లకు ఇంకా కావాలి.

ఇద్దరికి కారణాంకాలు రాలేదు, వాళ్లకు నిజంగానే పాఠం మళ్లీ చెప్పాలి. ఒకడు మిరప నారు పనికి వెళ్లి బడికే రాలేదు. ఒకడు చదవకుండా నొక్కాడు. వాడి సగటు 4 సెకన్లు ఉంది. మందలించలేదు, ఇక మీదట ప్రశ్నల సంఖ్య లెక్కపెట్టనని క్లాసు మొత్తానికి చెప్పాను.

పదకొండో అమ్మాయి సంగతి వేరు. వరుస ధన పూర్ణసంఖ్యలు రెండు, వాటి లబ్ధం 306, ఆ సంఖ్యలు కనుక్కోవాలి. ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉంది, కాగితం తెల్లగా ఉంది. "ఖా" రాయబోయి ఆగి, ఏం అర్థం కాలేదమ్మా అని అడిగాను. కాన్సిక్యూటివ్ అనే మాట మీద వేలు పెట్టింది. వరుసగా వచ్చేవి, 5 తర్వాత 6 లాగా అన్నాను. "ఓ, పక్కపక్కవా మేడమ్" అని సమీకరణం రాసి, 17, 18 అని నేను చూస్తుండగానే తీసింది. దాన్ని "భా" కింద రాసుకున్నాను. యాప్ లెక్కలో ఆ అమ్మాయి ఇప్పటికీ ఎరుపే.

గుంటూరు అమ్మగారూ, మా బడిలో రిపోర్టు ఇప్పుడు నా దగ్గర, హెచ్ఎం గారి దగ్గర మాత్రమే ఉంటోంది. బాబు ఎలా ఉన్నాడో రాయండి.

వచ్చే వారం త్రిభుజాల పాఠం మీద స్లిప్ టెస్ట్. సార్, 4వ ప్రశ్నలో సరూపత నిరూపించి, దాన్ని వాడి భుజం పొడవు కనుక్కోమని ఇచ్చాను. రెండు తప్పులు ఒకదానిలో కలిసిపోతాయేమోనని అనుమానంగా ఉంది.

సిద్దిపేట_ఎస్ఏ | ఆగస్టు 25, రాత్రి 9:30

కలిసిపోతాయి మేడమ్. 4(ఏ), 4(బీ) అని విడగొట్టండి. (బీ)లో సరూపాలని మీరే ఇచ్చేయండి. అప్పుడు నిరూపణ రానివాళ్లు కూడా నిష్పత్తి చేయగలరో లేదో తెలుస్తుంది. చార్ట్ వేశాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.

పదోతరగతి_అమ్మ | ఆగస్టు 26, ఉదయం 5:50

బాగున్నాడు టీచర్‌గారూ. మీరు రాసిన మైనస్ అయిదు బ్రాకెట్ సంగతి రాత్రి వాడికి చదివి వినిపించాను. పుస్తకం తెచ్చుకుని వేసి చూశాడు. వాడిది కూడా అదే తప్పంట.